దారికి అడ్డంగా ఒక డయోడు

“ఇంకమీద నువ్వు ప్లగ్గుల జోలికి పోవద్దు, అంతే” అని మోహన్‌రాజ్ మళ్ళీ అన్నాడు.

అలమేలు కొడుకు మాటలు వింటూనే, కాలిన వేలిని చన్నీళ్ళ గిన్నెలో ముంచుకుని మంచం మీద కూచుంది. తప్పు అత్తది కాదనీ, సామాను అక్కడ పరిచి ఆఫీసుకు పోయిన పిల్లదనీ కోడలు హైమ వంటింట్లోంచి వాదిస్తూనే ఉంది. అమ్మకు కళ్ళు ఆనడం లేదనీ, ఇవాళ ప్లగ్గయితే రేపు గ్యాసు పొయ్యి అవుతుందనీ మోహన్‌రాజ్ వాదన.

ఆ ఇంట్లో ముందు ఉన్నవాళ్ళు వెనక ఇల్లు చేరేవాళ్ళ పని సగం చేసి పెడతారు. అలమేలు కాపురానికొచ్చి నేర్పిన అలవాటే అది. మనవరాలు శరణ్య షోళింగనల్లూరులోని ఆఫీసు నుంచి అలిసి వస్తుంది, రాగానే గిటారు పట్టుకుంటుంది. అందుకని ఆ పిల్ల సొంతంగా చేసుకున్న, గిటారు ధ్వనిని మార్చే పెడల్ పెట్టెకు అలమేలే ముందుగా కరెంటు ఇచ్చి ఉంచబోయింది. మేకుకు వేలాడుతున్న అడాప్టర్లలో పాత వైఫైది పిన్ను సరిపోయింది. పొగ వచ్చాక పీకబోయి వేలు కాల్చుకుంది.

ఆఫీసు నుంచి వచ్చిన శరణ్య పెడల్ మూత విప్పింది. లోపల, కరెంటును ఒకే వైపు పోనిచ్చే డయోడు నల్లగా పగిలి ఉంది. పిన్నుల సైజు ఒకటే గాని, వైఫై అడాప్టరుకు ప్లస్ ఉన్నచోట పెడల్‌కు మైనస్ ఉండాలి. కళ్ళు బాగున్నవాళ్ళూ పొరబడతారు.

తిరగబడిన కరెంటును ఆపడానికి డయోడును రెండు విధాల పెట్టొచ్చు. దారిలోనే పెడితే తలుపులా మూసుకుంటుంది, కాని రోజూ కాస్త ఓల్టేజి తను తినేస్తుంది. పక్కగా పెడితే ఏమీ తినదు, తిరగబడ్డ రోజున మాత్రం మొత్తం తన మీదికి లాక్కుని కాలిపోతుంది. ధ్వని వెంట్రుకవాసి కూడా తగ్గకూడదని శరణ్య పక్కగా పెట్టింది. తను తప్ప ఎవరు ముడతారులే అనుకుంది, ఈ ఇంట్లోనే పుట్టి పెరిగి కూడా.

“నాయనా, అవ్వ కళ్ళది కాదు తప్పు. నేను డయోడు పెట్టిన తీరుది.”

“వేలు కాలింది డయోడుకా? చుమ్మా ఉండు, ఊరుకో.”

శరణ్య సోల్డరింగ్ ఐరన్ వేడి చేసింది. ఇంకో రకం డయోడు తీసి ఈసారి దారిలో పెట్టింది. పాతదానిలాగే ప్లస్ మైనస్ తిరగబడి ఉండే, ఇప్పుడు వాడుతున్న వైఫై అడాప్టరునే తెచ్చి అందరి ముందూ గుచ్చింది. పెడల్ లైటు వెలగలేదు. పొగా రాలేదు. హైమ చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. మోహన్‌రాజ్ కూడా చూశాడు.

“చూడవ్వా, తప్పుది పెట్టినా ఏం కాదింక. నువ్వే పెట్టి చూడు.”

అలమేలు గిన్నెలోంచి వేలు తీసి కొంగుతో తుడుచుకుంది. శరణ్య చాచిన వైరు అందుకోలేదు. ముగ్గురినీ ఒకసారి చూసింది.

“వద్దులేమ్మా. రేపట్నించీ ఈ ఇంట్లో నేను దేన్నీ ముట్టను” అని మెల్లగా అంది. “ఎవురి పని వాళ్ళే చూసుకోండి.”