ముందు వరస కుర్చీ

“ఏదో సాఫ్ట్‌వేర్ ఉంటుందిలే, చూసి పెట్టు,” అన్నారు మా ఆయన సోఫాలో వెనక్కి వాలుతూ. ఈ ఇంట్లో ‘ఏదో’తో మొదలయ్యే పనులన్నీ నావే. ఏదో ఒక కూర, ఏదో ఒక సర్దుబాటు, ఇప్పుడు ఏదో సాఫ్ట్‌వేర్. టీవీ కింద ఉండే డిస్కు ప్లేయర్ పాడైపోయింది. కంప్యూటరేమో డిస్కును మింగి, చూపించడం మాత్రం నా వల్ల కాదని చేతులెత్తేసింది. అత్తయ్యకి ఈ మధ్యాహ్నమే చిన్నకొడుకు పెళ్లి వీడియో చూడాలనిపించింది మరి.

నిజం చెప్పాలంటే నాకూ చూడాలనే ఉంది. మా మరిది పెళ్లికి నేను వెళ్లాను గానీ, పెళ్లి చూడలేదు. ఆ రోజంతా వంటవాళ్లకీ, పూలవాళ్లకీ, చుట్టాల గదుల తాళాలకీ మధ్య తిరగడంతోనే సరిపోయింది. కాళ్లు పీకుతున్నాయంటే, “పెద్దకోడలివి, నువ్వు కూర్చుంటే ఎలాగమ్మా?” అన్నారు అత్తయ్య. తర్వాత ఆల్బమ్ తిరగేస్తూ, ఇందులో నువ్వెక్కడా లేవేంటని ఆవిడే ఆశ్చర్యపోయారు. ఒళ్లు మండింది. నవ్వి ఊరుకున్నాను.

లోపలి గదిలో కిటికీ తెర గాలికి మెల్లగా ఉబ్బుతోంది. కంప్యూటర్ ముందు కుర్చీ వేసుకుని వెతకడం మొదలుపెట్టాను. ఒక సాఫ్ట్‌వేర్ ముందు కార్డు నంబరు ఇవ్వమంది. ఇంకొకటి లోకంలోని ప్రకటనలన్నీ వెంటేసుకొచ్చింది. వాటిని వదిలించుకునేసరికి తలప్రాణం తోకకొచ్చింది. చివరికి ఎవరో పుణ్యాత్ములు ఉచితంగా పెట్టినది దొరికింది. అది ఏ డిస్కునైనా చూపిస్తుందట. డౌన్‌లోడ్ చేసుకున్నాను. డిస్కు గిర్రున తిరిగింది.

శబ్దం ఇంకా పెట్టలేదు. మాటల్లేని ఆ పెళ్లి నీళ్లడుగున జరుగుతున్నట్టుంది. దీపాలు, పువ్వులు, నోరారా నవ్వే చుట్టాలు తేలిపోతున్నారు. అంచున ఒక చెయ్యి, దాన్లో ట్రే. నా చెయ్యే. కాసేపటికి నా వీపు. ఆ తర్వాత, అదిగో, ముందు వరసలో ఒక కుర్చీ, అందులో నేను. కూర్చున్నానా! ఆ సంగతే గుర్తులేదు నాకు. చేతులు ఒళ్లో పెట్టుకుని, వేదిక వైపు చూస్తూ, ఏ పనీ లేని మనిషిలా నవ్వుతున్నాను. ఎంత బాగున్నానో. అంతలో వెనక నుంచి అత్తయ్య వచ్చి భుజం తట్టారు. లేచి వెళ్లిపోయాను.

వెనక్కి తిప్పాను. మళ్లీ కూర్చున్నాను, నవ్వాను, లేచాను. మళ్లీ తిప్పాను. తెర మీద తను లేచిన ప్రతిసారీ నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఈసారి అత్తయ్య చెయ్యి తగలకముందే బొమ్మని ఆపేశాను. తను అలాగే కూర్చుని ఉంది. నేనూ తననే చూస్తూ ఉండిపోయాను.

“వచ్చిందా?” అంటూ అందరూ గదిలోకి వచ్చారు. అత్తయ్య మంచం మీద సర్దుకున్నారు. మా ఆయన నా వెనక నిలబడ్డారు.

“పర్లేదే, సాధించావు. సరే, మొదలయ్యేలోగా అందరికీ టీ పెట్టుకురా,” అంటూ నా భుజం తట్టారు.

తెర మీది మనిషి కదల్లేదు.

“టీ పొడి పై అరలో ఉందండీ,” అన్నాను. కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుని, పెళ్లి మొదటి నుంచి పెట్టాను.