నాలో ఉప్పు పడిన రోజు

నేను ఒక ఇత్తడి గుండిగను. ఒక్క వంటతో సగం ఊరి కడుపు నింపుతానంటే గొప్పలనుకోకండి, నా బొజ్జ చూస్తే మీరే ఒప్పుకుంటారు. ఇత్తడి పనికి పేరుపడ్డ అజ్జరంలో సుత్తిదెబ్బలు తిని పుట్టాను. తెనాలిలో వంటసామాన్లు అద్దెకిచ్చే సుబ్బారాయుడు నన్ను కొని పెళ్లిళ్లకు తిప్పాడు. అబ్బో, ఆ వైభోగం! సాంబారు కుదిరితే మెప్పు వంటవాడికి, అడుగంటితే తిట్లు నాకు. మనుషుల న్యాయం అలాగే ఉంటుంది లెండి.

అంతలో ఉప్పెన వచ్చింది. సముద్రం ఊళ్ల మీద పడి మనుషుల్ని ఊడ్చుకుపోయింది. దేశమంతా కన్నీళ్లు పెట్టుకుంది. సుబ్బారాయుడు అద్దె మాటెత్తకుండా నన్ను లారీ ఎక్కించి పంపాడు. మొగదిబ్బ అనే ఊళ్లో దింపి నాలో కిచిడీ వండారు. బతికి బట్టకట్టినవాళ్లు విస్తళ్ల ముందు కూర్చున్నారు. నాంచారమ్మ అనే ఆవిడ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఊసేసింది.

"ఉప్పునీళ్లేగా నా పిల్లని మింగింది! మళ్లీ ఉప్పే పెడతారా?"

ఆ పిల్ల పేరు బుల్లెమ్మ. గౌనుకు జేబులుండాలని పట్టుబట్టే వయసు. ఆ పూట ఎవరికీ మెతుకు దిగలేదు. నాకూ గుండె చెరువైంది, ఇత్తడిదైతేనేం!

మర్నాడు ఉప్పు లేకుండా వండారు. ఏడాది తిరిగేసరికి పోయినవాళ్ల పేర్లతో స్తూపం కట్టారు, చప్పిడి కిచిడీ ఆచారమైపోయింది. ఏటా ఆ రోజున స్తూపం దగ్గర అందరి పేర్లూ చదువుతారు. నాంచారమ్మ మొదటి విస్తరి బుల్లెమ్మకని అక్కడ పెట్టి, తనో ముద్ద తిన్నాకే మిగతావాళ్లు ముట్టాలి. ఆ మొహాలు చూడాలి మీరు! గొంతు దిగదు, బాగాలేదని అనరు. సర్పంచి ఏడుకొండలు విస్తరి కింద ఆవకాయ ముక్క దాచుకోవడం నేను కళ్లారా చూశాను. సుబ్బారాయుడు నన్ను వెనక్కి అడగలేదు, నేనూ వెళతాననలేదు.

నిరుడు వంట ఏడుకొండలుగారి కొత్తకోడలు స్వరూపకు అప్పగించారు. ఊరందరికీ తెలిసిన సంగతిని కొత్తగా వచ్చినవాళ్లకు ఎవరూ చెప్పరు. అత్త చెప్పి ఉంటుందని మామ, మామ చెప్పి ఉంటాడని అత్త. ఆ పిల్ల రుచి చూసి, "అయ్యో, ఉప్పే మరిచానే!" అనుకుని దోసెడు పోసి కలిపేసింది. వద్దే తల్లీ అని అరుద్దామనుకున్నాను. గరిటె తగిలితే ఖంగుమనడం తప్ప నాకేం వచ్చు?

నాంచారమ్మ స్తూపం దగ్గర విస్తరి పెట్టి వచ్చి కూర్చుంది. ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"ఎవరే ఉప్పేసింది?"

స్వరూప ముందుకొచ్చి, "నేనే అమ్మమ్మా, తెలీక..." అంది. ముసలమ్మ ఇప్పుడు లేచి వెళ్లిపోతే ఈ ఊళ్లో మళ్లీ ఈ పంక్తి కూర్చోదని నాకు భయం వేసింది. ఆవిడ లేవలేదు. ముద్ద మెల్లగా మింగింది.

"మా బుల్లెమ్మ ముద్దముద్దకీ ఉప్పు చాల్లేదమ్మా అని పేచీ పెట్టేదర్రా. నేను చూడకుండా ఉప్పుగల్లు గౌను జేబులో దాచుకుని చప్పరించేది, దొంగపిల్ల!" అని, స్తూపం వైపు తిరిగి బుగ్గలు నొక్కుకుంది. "ఓసి నా తల్లీ, ఇన్నేళ్లూ నీకు చప్పిడి కూడు పెట్టానే!"

ఏడ్చింది. ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. ఊరంతా నవ్వింది. ఏడుకొండలు ఆవకాయ ముక్కను బయటికి తీసి దర్జాగా నంజుకున్నాడు. ఆ రోజు నా అడుగు గోకి మరీ తిన్నారు.

ఇప్పుడు నా అడుగు పలచబడింది, చిల్లులకు రెండు మాట్లు కూడా పడ్డాయి. ఏడాదంతా పంచాయతీ ఆఫీసు మూలన బోర్లా పడి ఉంటాను. ఈ ఏడు కూడా ఆ రోజున నన్ను చింతపండుతో తోమి పొయ్యి ఎక్కించారు. స్వరూప ఉప్పు డబ్బా పట్టుకుని నిలబడితే, నాంచారమ్మే వచ్చి తన చేత్తో నాలో ఉప్పు వేసింది. తర్వాత డబ్బాలోంచి ఒక్క గల్లు ఏరి, స్తూపం ముందున్న విస్తరి పక్కన పెట్టింది.

"అదెందుకమ్మమ్మా?" అంది స్వరూప.

"దాని జేబులోకే!"