పంతులమ్మ డొక్క

ఆవుకుండే నాలుగు పొట్టల బొమ్మ గీయమంటే ఆ అమ్మాయి కళ్లు మూసుకుని గీసేది. పరీక్షల ముందు క్లాసంతా ఆమె నోటుపుస్తకం పట్టుకునే గట్టెక్కేది. అలాంటి పిల్ల, బతికున్న ఆవు ఎడమ డొక్క గుంటలో పిడికిలి ఆనించి పది నిమిషాలు నిలబడి, "ఏమీ తెలియట్లేదు మేడం" అంది. తోటివాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు.

ఆ ఆవును అందరూ పంతులమ్మ అనేవారు. పశువైద్యం చదివే పిల్లలకు పదకొండేళ్లుగా ఒళ్లప్పగించి పాఠం చెబుతున్నది అదే. దాన్ని సాకే ముసలాయన సాయంత్రం అమ్మాయి వాడిపోయిన మొహం చూశాడు.

"నువ్వు వెతుకుతున్నావు తల్లీ. చెయ్యి పెట్టి ఊరుకో. అదే వచ్చి తడుతుంది."

"ఎంతసేపు బాబాయ్?"

"ఏం, రైలుకెళ్లాలా?"

అమ్మాయి మళ్లీ డొక్క మీద పిడికిలి ఆనించి ఊరుకుంది. కాసేపటికి లోపల్నుంచి ఏదో మెల్లగా ఉబికి, పిడికిలిని పైకెత్తి, జారిపోయింది. పెద్దపొట్ట కదలిక! అమ్మాయి గుండె ఝల్లుమంది. ఆనాటి నుంచి రోజూ వచ్చి ఆ తట్టు అందుకుని గాని వెళ్లేది కాదు.

మూడోవారంలో ఒకరోజు పిడికిలి కింద ఏ కదలికా లేదు. అయిదు నిమిషాలు చూసింది.

"పొద్దున మేత సగం వదిలేసింది. ఎండకేమో అనుకున్నా" అన్నాడు ముసలాయన.

మళ్లీ నవ్వులపాలవుతానేమోనని గుమ్మం దగ్గర ఒక్క క్షణం తటపటాయించి, అమ్మాయి మేడం గదిలోకి వెళ్లింది. మేడం వచ్చి పంతులమ్మ మూపు పట్టి గట్టిగా నొక్కింది. లోపల నొప్పి లేని ఆవైతే నడుము కిందికి దించుతుంది. పంతులమ్మ దించలేదు, మూలిగింది.

"మేతలో తీగముక్క మింగినట్టుంది. రెండో పొట్టలో గుచ్చుకుంటోంది. అక్కణ్ణించి గుండె ఎంత దూరం?"

"జానెడు కూడా లేదు మేడం." బొమ్మలో వందసార్లు గీసిన దూరమే. చెబుతూనే పంతులమ్మ మెడ మీద చెయ్యి వేసింది.

తీగను పట్టి ఉంచడానికి మేడం ఆవు చేత అయస్కాంతం మింగించింది, ఇంజెక్షన్లు ఇచ్చింది. ముసలాయన గోడకు చేరగిలబడ్డాడు.

"నా చేత్తోనే వేశానమ్మా ఆ మేత."

"కంచె కట్టినవాళ్లు వదిలేసిన ముక్క గడ్డిలో నీకెలా కనిపిస్తుంది బాబాయ్?" అంటూ అమ్మాయి పక్కనే కూర్చుంది.

నాలుగోనాడు పంతులమ్మ మళ్లీ నెమరు వేసింది. ముసలాయన బోర్లించిన బకెట్టు మీద కూలబడి తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు.

పంతులమ్మకు నెల రోజులు సెలవన్నారు. ఆ నెలంతా పాఠాలు, దగ్గరికెళితే కాలితో తన్నే ఇంకో ఆవు దగ్గర జరిగాయి. ఎవరూ గొణగలేదు.