బ్రేకు వదిన

ఉదయం ఏడుంబావు. రాత్రంతా కురిసిన వాన తెల్లవారుజామున ఆగింది కాని మబ్బు విడలేదు. గాలి ఆకును కూడా కదపడం లేదు. చిత్రీకరణకు ఇంతకంటే మంచి వెలుతురు దొరకదని దర్శకురాలు ఫోనులో సంతోషపడింది. ఆ వెలుతురు ఇంట్లోకి రావాలి కనుక నేను ముందుగది కిటికీ అద్దాలు తుడుస్తున్నాను. ఎవరి కష్టాల మీద చిత్రం తీస్తున్నారో ఆయన పక్కగదిలో అద్దం ముందు నిలబడి, ఒకప్పటి జట్టు చొక్కాలోకి ఇప్పటి పొట్టను సర్దుకుంటున్నారు. "ఏమోయ్, ఈ జిప్పు కాస్త పైకి లాగు" అన్నారు. చేతులు తుడుచుకుని వెళ్ళి లాగాను.

నా భర్త ఒకప్పుడు వృత్తిరీత్యా రోడ్డు సైకిల్ పందేల ఆటగాడు. ఆ వృత్తి కఠినమైనది కాదని నేను ఏనాడూ అనలేదు. ఎండలోనూ వానలోనూ ఆరేసి గంటలు తొక్కాలి. పడితే లేచి మళ్ళీ ఎక్కాలి. ఎముక విరిగిందో లేదో సాయంత్రం చూసుకోవాలి. కొండ ఎక్కేటప్పుడు ఒంటి బరువు అడ్డం రాకూడదని ఆకలితో నిద్రపోవాలి. ఒప్పందం ఏడాదికొకసారి తిరగరాస్తారు కనుక, వచ్చే ఏడు ఈ బతుకు ఉంటుందో ఉండదో తెలియకుండానే ఈ ఏడు ప్రాణం పెట్టాలి. ఇవన్నీ నిజాలు. అయితే ప్రతి నిజానికీ ఇంటి లోపలి వైపు ఒకటి ఉంటుంది. ఆయన తొడ చర్మంలో దిగిన కంకరను సన్నటి పట్టకారుతో ఒక్కొక్క రవ్వే తీసింది నేను. నెత్తురూ గ్రీజూ కలిసి గట్టిపడిన నిక్కర్లను ఉప్పునీళ్ళలో నానబెట్టి ఉతికింది నేను. ఆయన పస్తుంటే ఇల్లంతా పస్తే: "వాడు తినకూడనిది మన కంచంలో ఎందుకమ్మా?" అనేవారు మా అత్తగారు, తన వాటా ముందే తినేసి, మూతి తుడుచుకుంటూ.

వీటన్నిటికంటే పెద్ద పని స్కూటరు నడపడం. పందెం వేగానికి కాళ్ళు అలవాటు కావాలంటే, ముందు ఒక బండి గాలిని చీల్చుతూ పోవాలి, ఆటగాడు దాని వెనుక చక్రానికి జానెడు దూరంలో తొక్కుతూ రావాలి. పెద్ద ఆటగాళ్ళకు జట్టువాళ్ళే ఆ బండినీ మనిషినీ ఇచ్చేవారు. మా ఆయన పెద్ద ఆటగాడు కాదు. కాబట్టి ఆయనకు నేనున్నాను. ఆ పనికి రెండే సూత్రాలు. వెనక్కి చూడకూడదు, బ్రేకు ముట్టుకోకూడదు. వేగం తగ్గించాలంటే యాక్సిలరేటరు మెల్లగా వదలాలి, అంతే. "పెంచు", "తగ్గించు" అనే కేకలు వీపుతో వినాలి. నేను అప్పుడు విశ్వవిద్యాలయంలో చరిత్ర పరిశోధన ముగించే దశలో ఉన్నాను. తెల్లవారగానే గోదాముల వెనుక రోడ్డు మీద ఆయనకు గాలి కోసి, ఇంటికి వచ్చి వంట చేసి, చలికి బిగుసుకుపోయిన వేళ్ళతో గ్రంథాలయంలో రాసుకునేదాన్ని. అధ్యాపక పదవికి ఎంపికైనట్టు కబురు కూడా అందింది.

ఆ నెలలోనే ఆయన పడిపోయారు. శిక్షకుడు కారులో పక్కనే వస్తూ, ఆయన కూర్చునే తీరును తర్వాత పరిశీలించడానికి చిన్న కెమెరాతో చిత్రం తీస్తున్నాడు. వెనుక ఏదో తగిలింది, చప్పుడైంది, నేను బండి ఆపి దిగేసరికి ఆయన రోడ్డు పక్క కాలువలో ఉన్నారు. తుంటి ఎముక మూడు ముక్కలైంది. ఆసుపత్రిలో మత్తు దిగాక శిక్షకుడితో ఆయన అన్న మొదటి మాట నా చెవినే పడింది: "ఆవిడ బ్రేకు వేసింది."

వేసిన జ్ఞాపకం నాకు లేదు. కాని బాధపడుతున్న మనిషి అబద్ధమాడడని అనుకున్నాను. నా చెయ్యే నాకు తెలియకుండా నొక్కి ఉంటుందని సరిపెట్టుకున్నాను. ఒకే సాక్షి ఉన్న సంఘటనను నమ్మవద్దని మాకు మొదటి ఏడే నేర్పుతారు. ఆ పాఠం రాజుల విషయంలోనే పనికొచ్చింది. ఇక కారణం నాదైనప్పుడు పర్యవసానమంతా నాదే కదా! కాలు విరగ్గొట్టినదే కాలు పట్టాలి. అధ్యాపక పదవి వద్దని రాసి పంపాను. పరిశోధన అటకెక్కింది. "నా కొడుకును నిలువునా కూలదోసి ఇప్పుడు కట్లు కడుతోంది మహాతల్లి" అని అత్తగారు పోయేదాకా అన్నారు. ఆడపడుచు నాకు 'బ్రేకు వదిన' అని పేరు పెట్టింది. పెళ్ళిళ్ళలో నేను వడ్డించబోతే "వదినా, మెల్లగా, బ్రేకు వేసేవు, పులుసు మా ఒళ్ళో పడుతుంది" అనేది. పంక్తి పంక్తంతా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే రోషమనేవారు. ఆయన మాత్రం ఎప్పుడూ గంభీరంగా చెయ్యెత్తి, "పోనీలెండి, కావాలని చేసిందా ఏమిటి" అనేవారు. ఆ ఔదార్యానికి చుట్టాలంతా తలలూపేవారు.

తొమ్మిదింటికి దర్శకురాలు, కెమెరా మనిషి వచ్చారు. అన్నగారి చిత్రం చూడ్డానికి ఆడపడుచు అంతకు ముందే వచ్చి మంచి కుర్చీలో కూర్చుంది. పూర్తికావచ్చిన చిత్రాన్ని ముందు చూపించి, ఆఖరున నా మాటలు రెండు కలుపుకుంటామని దర్శకురాలు చెప్పి, బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచింది. నేను టీ ఇచ్చి వెనుక నిలబడ్డాను. వానలో జారిపోయే ఆటగాళ్ళు, కట్లు కట్టిన మోచేతులు, పందెం మధ్యలో ఏడుస్తున్న ఒక కుర్రాడు. తర్వాత ఆయన తెర మీదికి వచ్చారు. "ఒంటరి ప్రయాణమండీ మాది. ఎవరూ తోడు రారు" అన్నారు. ఆ రోజూ నేనే పైకి లాగిన జిప్పు చక్కగా పడింది.

అప్పుడొక గంభీరమైన గొంతు వినిపించింది: భార్య వేసిన ఒక్క బ్రేకు ఆయన జీవితాన్ని ఆపేసింది; ఆయన ఆమెను క్షమించారు; ఆ క్షమే ఆయన గెలిచిన అతి పెద్ద పందెం. ఆడపడుచు కళ్ళొత్తుకుంది. గొంతు వెనుక ఒక పాత దృశ్యం కదులుతోంది. శిక్షకుడు పోయాక వాళ్ళ అటక మీద దొరికిన టేపట అది. పడిపోయిన ఆటగాడి టేపు కనుక అంతకాలం ఎవరూ పెట్టి చూడలేదు. గోదాముల వెనుక రోడ్డు. స్కూటరు మీద, జడ కోటులోకి దోపుకుని, వంగి కూర్చున్న ఒక బక్కపలచని అమ్మాయి. వెనుక ఆయన. ఆయన తల ఎత్తి, కారులోని కెమెరా వైపు తిరిగి, పళ్ళన్నీ కనబడేలా నవ్వారు. ముందు చక్రం నా చక్రాన్ని తాకింది.

"వెనక్కి తిప్పమ్మా" అన్నాను.

తిప్పింది. నేను ఆయన ముఖం చూడలేదు. స్కూటరు వెనుక దీపం చూశాను. ఆయన నవ్వినప్పుడు అది చీకటిగా ఉంది. చక్రాలు తాకినప్పుడు చీకటిగా ఉంది. ఆయన గాలిలోకి లేచి కాలువలో పడ్డాక, చప్పుడు విన్న ఆ అమ్మాయి బ్రేకు నొక్కింది. అప్పుడు వెలిగింది, ఎర్రగా, ఏ సందేహానికీ తావు లేకుండా.

"మళ్ళీ తిప్పు."

"చూశామమ్మా" అంది దర్శకురాలు మెల్లగా. "ఎడిటింగులోనే గమనించాం. సార్‌ని అడిగాం కూడా. పెద్దావిడ, ఇప్పుడెందుకు కదిలించడం అన్నారు. పైగా చిత్రానికి ఆ క్షమే ప్రాణం..."

నేను ఆయన వైపు తిరిగాను. "మీకు ఎప్పటినుంచి తెలుసు?"

"ఇప్పుడవన్నీ ఎందుకోయ్, నలుగురిలో?"

"ఎప్పటినుంచి?"

ఆయన చొక్కా అంచు కిందికి లాక్కున్నారు. "పడ్డ క్షణంనుంచీ తెలుసు. ఆటగాడు తన అజాగ్రత్త వల్ల పడితే వైద్యం చేయించరు, ఒప్పందం అక్కడికక్కడే రద్దు. బండి నడిపేవాళ్ళ తప్పయితే అది ప్రమాదం. నేనేం చెప్పాలి? నువ్వు ఇంటిమనిషివి. నీకు పోయేదేముంది?"

నా జీవితంలో అంత నిష్కపటంగా ఆయన మాట్లాడింది ఆ ఒక్కసారే. వృత్తి క్రూరమైనది, ఒప్పుకుంటాను. ఆయన్ను అబద్ధంలోకి నెట్టింది అదే. కాని జట్టు ఆయన్ను వదిలేశాక ఆ అబద్ధంతో పనేముంది? వైద్యం ఆర్నెల్లలో ముగిసింది. అబద్ధాన్ని మాత్రం ముప్పై ఏళ్ళు మేపారు. ఎందుకంటే అది వేడివేడిగా వడ్డించేది, కాళ్ళు పట్టేది, ఎదురు చెప్పేది కాదు. జట్టు ఆయనకు చేసిన అన్యాయం ఏడాదికొకసారి తిరగరాసేది. ఆయన నాకు చేసినదానికి గడువే లేదు.

"పోనీ వదినా," అంది ఆడపడుచు, "ఎప్పటి దీపమో, ఏమో! అన్నయ్య నిన్ను పల్లెత్తు మాటన్నాడా? మేం సరదాకి పిలిచేవాళ్ళం."

"ఒకసారి నా పేరు పెట్టి పిలువు" అన్నాను. ఆమె అన్నగారి వైపు చూసింది.

కెమెరా ముందు వేసిన కుర్చీలో కూర్చున్నాను. దర్శకురాలు అలవాటైన ప్రశ్నే అడగబోయింది: "ఆయన క్షమించినప్పుడు మీకు..." సగంలో తనే ఆపేసింది. తడబడుతూ, "మీకేం చెప్పాలనుంటే అదే చెప్పండమ్మా" అంది.

"నేను బ్రేకు వేయలేదు" అన్నాను. "ఆయన కెమెరా కోసం తల తిప్పారు. ఆ సంగతి ఆయనకు అప్పుడే తెలుసు. క్షమించవలసింది ఎవరన్నది మీ చిత్రం తలకిందులుగా రాసుకుంది. ఆ గొంతు మాటలైనా తీసేయండి, లేదా ఈ నా మాటలు వాటి పక్కనే పెట్టండి. రెండూ కుదరకపోతే ఆ స్కూటరు మీది అమ్మాయిని చూపించే హక్కు మీకు లేదు. ఆమె నేను, నేను ఒప్పుకోను."

"ఇల్లు బజారుకెక్కిస్తావా?" అన్నారు ఆయన.

"ఇల్లు ఎప్పుడో ఎక్కింది. అప్పుడు బజారులో నేనొక్కదాన్నే నిలబడ్డాను" అన్నాను.

ఆయన ముప్పై ఏళ్ళ అలవాటు కొద్దీ ఖాళీ కప్పు నా వైపు చాపారు. కప్పు అలాగే గాలిలో ఉంది. నేను లేచి లోపలికి వెళ్ళి పెట్టె కిందికి దించాను.

క్షమ గురించిన మాటలు తీసేసి, నా మాటలు కలిపి, చిత్రాన్ని ఆ చలికాలంలోనే విడుదల చేశారు. నేను గ్రంథాలయం పక్క వీధిలో ఒక గది తీసుకున్నాను. ఆయన మరో తొమ్మిదేళ్ళు బతికారు. మొదటి ఏడు ఆడపడుచు వండి పంపింది. రెండో ఏటినుంచి ఆయనే వండుకున్నారు.