టేపు పీకేసిన అంబాసిడర్

మా ఆయనకు కోపమొస్తే ముందూ వెనకా చూసుకోడు. నాకూ కోపం ఎక్కువే గానీ, తప్పెవరిదో తెలిశాకే తిడతాను.

ఎల్లారెడ్డిలో మా అంబాసిడర్ పొద్దున్నే స్టార్ట్ కావడం మానేసింది. కొత్త బ్యాటరీ వేసినా అదే వరస. డ్రైవర్ బషీర్‌కు బండిలో కూర్చుని గజల్ క్యాసెట్లు వినే అలవాటుంది. ఇంకేం, దొంగ దొరికాడు! మా ఆయన వాళ్లింటి గడప ముందుకే పోయి, "పాటలు వినుకుంట బ్యాటరీ అంత ఖతం జేస్తున్నవు. మళ్ల బండి ఆగిందనుకో, తాళం ఇచ్చి పోవాలె" అని వాడి తల్లి చాంద్ బీ చూస్తుండగా తిట్టాడు. బండిలోని టేపు రికార్డరు తనే పీకేసి మూలన పడేశాడు.

టేపు లేకపోయినా, మేమిద్దరం కామారెడ్డిలో సామాను కొని బండి దగ్గరకు వచ్చేసరికి అది మొరాయించింది. బషీర్ ముఖంలో నెత్తురుచుక్క లేదు. పాపం, ఒక్కడే తోసుకుంటూ ఎలక్ట్రీషియన్ సిద్ధిరాములు షెడ్డుకు తెచ్చాడు.

సిద్ధిరాములు వేరే బ్యాటరీ తగిలించి, ఇంజను నడుస్తుండగా మీటరు పెట్టాడు. "ముల్లు పద్నాలుగు ఓల్టుల దాక లేవాలె. పన్నెండు కాడ్నే ఉంది. చార్జింగే అయితలేదు" అన్నాడు. తర్వాత చార్జింగును అదుపు చేసే రెగ్యులేటర్‌ను తప్పించి, కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌కు నేరుగా ఒక వైరు ఆనించాడు. ముల్లు చటుక్కున లేచింది. "ఆల్టర్నేటర్ మంచిగనే ఉంది. రెగ్యులేటర్ ఖరాబైంది. ఎన్ని బ్యాటరీలు ఏసినా గింతే."

"అయితే టేపుతోని గాదా?" అని అడిగాను.

"టేపు ఏం పాపం జేసిందమ్మా!" అని నవ్వాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. మా ఆయన మాత్రం కొత్త రెగ్యులేటర్ వేయించి, "సరే తియ్యి బషీర్, ఇంటికి పోయినంక టేపు పెట్టుకో" అన్నాడు. అంతే! అదీ ఒక మాటేనా?

ఎల్లారెడ్డి చేరాక బషీర్ మా వాకిట్లో బండి ఆపి తాళం నా చేతిలో పెట్టాడు. "బండి మంచిగైందమ్మా. నేనైతే ఇగ రాను."

"వాళ్లమ్మ ముందట అన్నవు. పోయి వాళ్లమ్మ ముందటనే తప్పైందని చెప్పు" అన్నాను మా ఆయనతో.

"డ్రైవర్ ఇంటికి నేను పోవాల్నా?" అని కుర్చీలో కూలబడ్డాడు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోగలమా? సిగ్గుతో చచ్చిపోతూ, చెప్పులేసుకుని నేనే బయల్దేరాను.

నన్ను గడపలో చూడగానే చాంద్ బీ గబుక్కున లేచింది. కొంగు తల మీదికి లాక్కుని రెండు చేతులూ జోడించింది.

"మళ్ల ఏం ఖరాబు జేసిండమ్మా మా పోరడు?"