విప్పని కానుక

ఆ ఇంట్లో అడుగుపెట్టిన సాయంత్రమే ఐలీన్ ఒక కాగితం చుట్టిన పొట్లం తెచ్చి కురెహా చేతిలో పెట్టింది. కురెహా దాన్ని రెండు చేతులా అందుకుంది. నడుము వంచి నమస్కరించింది. చాలా సంతోషమండీ అంది. తర్వాత గదిలోకి తీసుకువెళ్ళి పెట్టెలో అడుగున, బట్టల కింద ఉంచింది. ఇచ్చినవాళ్ళ ఎదుట కానుక విప్పడం ఆశపోతుతనమని తల్లి చిన్నప్పుడే నేర్పింది. ఐలీన్ ఆమె వెనకే వచ్చి గుమ్మం దగ్గర ఆగింది. ఏదో అడగబోయి, "స్నానాలగది ఆ పక్కన తల్లీ" అని వెళ్ళిపోయింది.

జపాన్‌లోని నీగతా నుంచి హైస్కూలు పిల్లలు కొందరు హతనకా మాస్టారి వెంట న్యూజీలాండ్ దక్షిణపు కొసన ఉన్న ఈ గొర్రెల ఊరికి వచ్చారు. పగలు ఇక్కడి బడిలో పాఠాలు, సాయంత్రం నుంచి తలా ఒక ఇంట్లో వాసం. అది ఆగస్టు. సొంత ఊళ్ళో వేసవి సెలవులు, ఇక్కడ పచ్చికబయళ్ళ మీద తెల్లారేసరికి మంచు పేరుకునే కాలం. ఐలీన్ భర్త పోయి ఒంటరిగా ఉంటున్న మనిషి. పరాయి పిల్లను ఇంట్లో ఉంచుకోవడం ఆమెకు ఇదే మొదలు.

ఆ ఇంట్లో వెచ్చదనమంతా వంటింటి కట్టెల పొయ్యి చుట్టూనే ఉండేది. పడకగదిలో కురెహా రెండు జతల మేజోళ్ళు తొడుక్కుని, బడి కోటు మీదే దుప్పటి కప్పుకుని పడుకునేది.

"చలిగా ఉందా తల్లీ?" అని ఐలీన్ పొద్దున్నే అడిగేది.

"లేదండీ. బాగుంది."

కురెహా పెరిగిన ఇంట్లో మొదటి 'లేదు'కు విలువ ఉండదు. అడిగినవాళ్ళు మళ్ళీ అడగాలి, కాదన్నవాళ్ళు మళ్ళీ కాదనాలి, ఆ తర్వాత ఎప్పుడో, మొహమాటపడుతూ, ఒప్పుకోవాలి. ఐలీన్ పెరిగిన ఊళ్ళో లేదంటే లేదనే. ఆమె తల ఊపి టీ పోసేది. కురెహా ఆ రెండో ప్రశ్న కోసం ఎదురుచూసేది. అది రాకపోతే, ఈవిడకు పట్టింపు లేదని మనసులో ఒక గీత గీసుకునేది.

బస్సు కోసం నిలబడ్డచోట చిహారు కలిసేది. ఇద్దరూ ఒకే తరగతి.

"ఏమే, పళ్ళు టకటకలాడిస్తున్నావ్? మంచులో పుట్టినదానివి, నీకూ చలేనా?" అంది చిహారు ఒకరోజు.

"మా ఊళ్ళో చలి వీధిలో ఉంటుందే. ఇక్కడ ఇంట్లోనే కాపురం పెట్టింది."

"నేనుండే ఇంటాయన ఈ చలిలో నిక్కరుతో తిరుగుతున్నాడు! వీళ్ళది చర్మం కాదే బాబూ, తోలు."

"మా ముసలావిడది తోలు కాదు, పిసినారితనం. పొయ్యిలో కట్టె వెయ్యాలంటే చెయ్యి రాదు."

ఇద్దరూ పగలబడి నవ్వారు. కురెహా మరిచిపోయిన భోజనం డబ్బా పట్టుకుని ఐలీన్ అప్పటికే గేటు దాటి వచ్చి పక్కన నిలబడి ఉంది. వాళ్ళ భాష ఆమెకు తెలియదు. పిల్లలు నవ్వుతున్నారని ఆమె కూడా నవ్వింది.

సాయంత్రం బడి అయ్యాక మాస్టారు పిల్లలందరినీ గ్రంథాలయంలో ఒక మూల వలయంగా కూర్చోబెట్టేవారు. సొంత బడిలో ఉన్న అలవాటే. ఆనాడు తనలో కనిపించిన లోపమేదో ఒక్కొక్కరూ లేచి చెప్పాలి. కురెహాకు ఆ విద్య బాగా వచ్చు. ఏ లోపం ఒప్పుకుంటే మనిషి గొప్పగా కనిపిస్తుందో ఆమెకు తెలుసు. 'ఇంకా ధైర్యంగా మాట్లాడవలసింది' అనేది ఒకనాడు. 'తోటివారి మౌనాన్ని ముందే గమనించవలసింది' అనేది మరొకనాడు. మాస్టారు మెచ్చుకోలుగా కళ్ళు వాల్చేవారు.

బుధవారం ఆమె లేచి ఇలా అంది: "చలికి ఓర్చుకునే శక్తి నాలో ఇంకా చాలదు. ఇంట్లో వెచ్చదనం లేకపోయినా, ఆ ఇంటివారి పద్ధతిని గౌరవించి, నిద్ర పట్టకపోవడాన్ని నా బలహీనతగానే భావించాలి. రేపటి నుంచి ప్రయత్నిస్తాను."

అందులో ప్రతి మాటా తనను తాను తగ్గించుకునేదే. అయినా వలయంలో కూర్చున్న ప్రతివాళ్ళకూ అర్థమైంది. హతనకా మాస్టారి ముఖం బిగిసింది. ఆ రోజే ఆయన బస ఏర్పాట్లు చూసే మార్గోను కలిసి, ఇబ్బంది పెడుతున్నందుకు పదేపదే వంగి క్షమాపణలు చెప్పి, ఒక్క మాటలో విషయం చేరవేశారు. పిల్ల నిద్రపోవడం లేదు.

గురువారం కురెహా ఇంటికి వచ్చి బూట్లు గుమ్మంలో విప్పింది. మేజోళ్ళతో నడిస్తే చెక్కనేల మీద చప్పుడు కాదు. వంటింట్లో మార్గో గొంతు వినపడి నడవలోనే ఆగిపోయింది.

"ఈ హీటరు ఆ అమ్మాయి గదిలో పెట్టు ఐలీన్. శనివారం దాకానే."

"హీటరు నా దగ్గర లేకనా? అటకమీద ఉంది. అడిగితే దించేదాన్నిగా. రోజూ పొద్దున్నే అడుగుతున్నాను, చలిగా ఉందా తల్లీ అని. లేదంటుంది."

"వాళ్ళు అలాగే అంటారమ్మా. పైకి చెప్పరు."

"మరి ఆ ముక్క నాకెవరైనా చెప్పాలా వద్దా? నేనేమన్నా జ్యోతిష్యురాలినా?" ఐలీన్ కుర్చీ జరిపిన చప్పుడైంది. "శనివారం దాకా ఏమిటి? తర్వాత?"

"ప్యాటర్సన్ వాళ్ళింటికి మారుద్దామనుకుంటున్నాం. వాళ్ళది కొత్త ఇల్లు, అన్ని గదులూ వెచ్చగా ఉంటాయి. నిన్ను తప్పుపట్టడం కాదు సుమా."

ఐలీన్ పొయ్యి మీది కెటిల్ దించిన చప్పుడైంది.

"స్వెట్టర్ ఒకటి అల్లాను," అంది ఐలీన్. "నిన్నడిగి ఎత్తూ కొలతా తీసుకున్నానే, దానికోసమే. మా ఆయన పోయాక సూదులు పట్టుకోవడం అదే మొదలు. వచ్చినరోజే ఇచ్చాను. ఒక్కసారైనా వేసుకోలేదు మార్గో. నచ్చలేదేమో అని ఊరుకున్నా. నచ్చనిది వేసుకోమని ఎలా అడుగుతాం?"

"అయ్యో."

"ఆ పిల్ల గేటు దగ్గర వణుకుతుంటే కిటికీలోంచి చూస్తూ ఉండేదాన్ని. నా స్వెట్టర్ కన్నా చలే నయమనుకుంది కాబోలనుకున్నా." ఐలీన్ గొంతు తగ్గింది. "మరి వచ్చే ఏడు? నాకు మళ్ళీ ఎవరినైనా పంపుతారా?"

"చూద్దాం," అంది మార్గో. ఆ మాటకు అర్థం కురెహాకు తెలుసు. సొంత దేశంలో కాదనడానికి పెద్దలు వాడేది సరిగ్గా ఆ మాటే.

ఆమె గదిలోకి వెళ్ళి పెట్టె తెరిచింది. పొట్లం పెట్టిన చోటే ఉంది. అంటించిన టేపు అలాగే ఉంది.

ముందుగా ఆమెకు కలిగింది ఊరటే. ఆచారం ఉంది కదా! ఎదుట విప్పకూడదన్నది తాను కల్పించింది కాదు, ఒక దేశమంతా పాటించే మర్యాద. అది చెబితే చాలు, తప్పు ఎవరిదీ కాకుండా పోతుంది.

కానీ ఆ ఊరట నిలవలేదు. ఇక్కడికి వచ్చిన మర్నాడు మార్గో పిల్లలందరికీ ఇచ్చిన చాక్లెట్ల సంచీని కురెహా గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు తెరిచి చూసింది. ఏ ఆచారమూ ఆమె చెయ్యి పట్టుకోలేదు. మరి దీన్నెందుకు తెరవలేదు? ఆ సాయంత్రం పొట్లాన్ని పెట్టెలో పెడుతూ వేళ్ళతో నొక్కి చూసిన సంగతి గుర్తొచ్చింది. మెత్తగా తగిలింది. తువ్వాలు, అనుకుంది. నీగతాలో వాళ్ళింట్లో, ఎవరెవరో ఇచ్చిన తువ్వాళ్ళు ఒక బీరువా నిండా ఉన్నాయి, పెట్టెలు కూడా తెరవకుండా. తల్లి వాటిని మళ్ళీ ఎవరికో ఇస్తూ ఉంటుంది. ఐలీన్ ఇచ్చినదాన్ని కురెహా ఆ బీరువాలోకి, ఆ క్షణానే, మనసులో పంపేసింది. మర్యాద అన్నది ఆ పనికి తర్వాత తొడిగిన చొక్కా.

నచ్చక పక్కన పెట్టడమా, చూడకుండానే పక్కన పెట్టడమా, ఏది ఎక్కువ నొప్పి? నచ్చకపోవడానికైనా ఒకసారి చూడాలి.

మార్గో కారు వెళ్ళిన చప్పుడయ్యాక కురెహా పొట్లం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. ఐలీన్ బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. పొట్లం చూసి ఆమె చెయ్యి ఆగింది.

"విప్పనే లేదా?"

"లేదండీ. మా దేశంలో... ఇచ్చినవాళ్ళ ముందు విప్పకూడదు. అది మర్యాద."

అనకూడదని నిశ్చయించుకున్న మాటే ముందుగా నోట్లోంచి వచ్చింది. ఐలీన్ ముఖం విప్పారింది. "ఓసి నా తల్లీ! అదా సంగతి! నేనిక్కడ ఏమేమో ఊహించుకుని కుమిలిపోతున్నాను." పకపకా నవ్వి, కళ్ళు తుడుచుకుని, "అయితే మీ దేశం మీద ఒట్టు, ఇప్పుడు విప్పు. నేను అటు తిరుగుతాలే," అంది. నిజంగానే గోడవైపు తిరిగి నిలబడింది.

కురెహా టేపును గోటితో లేపి, కాగితం చిరగకుండా తీసింది. ముదురు నీలం ఉన్ని. మెడ దగ్గర సన్నని తెల్ల అల్లిక. ఒకచోట అల్లిక తప్పి, విప్పి మళ్ళీ అల్లిన గుర్తు కనిపించింది. తొడుక్కుంది. దాని చేతులు వేళ్ళ దాకా వచ్చాయి.

"తిరగనా?" అని ఐలీన్ తిరిగి చూసింది. చూస్తూ ఉండిపోయింది. తర్వాత, నింద ఏమీ లేకుండా, ఊరికే తెలుసుకుందామన్నట్టు అడిగింది: "నా ఎదుట కాకపోతే, గదిలో ఉన్నప్పుడైనా, లోపల ఏముందో చూడాలనిపించలేదా తల్లీ?"

ఈ ప్రశ్నకు ఒక అబద్ధం సిద్ధంగా ఉంది. అమ్మతో కలిసి విప్పుదామని దాచుకున్నానని చెప్పవచ్చు. ఐలీన్ నమ్మేది. ఇంకా సంతోషించేది కూడా. నిజం చెప్పడం వల్ల ఆమెకు కలిగే మేలేమీ లేదని కురెహాకు తెలుసు. అయినా ఆ ముఖాన్ని చూస్తూ ఇంకొక అందమైన మాట చెప్పడం ఆమె వల్ల కాలేదు.

"లేదు," అంది. "తువ్వాలు అనుకున్నాను."

"అలాగా," అంది ఐలీన్. తిరిగి దుంప అందుకుంది. చెక్కు తీయడం ముగించి, చేతులు తుడుచుకుని, నడవలోని ఫోను దగ్గరకు వెళ్ళింది.

"మార్గో, నేనే. ఆ పిల్ల ఉంటానంటే ఇక్కడే ఉండనీ. స్వెట్టరా? వేసుకుంది, వేసుకుంది. వాళ్ళ ఆచారమట, ఎదుట విప్పరట. ఊఁ, అంతే. ఇంకేం లేదు."

కురెహా వంటింట్లో నిలబడి విన్నది. తాను వదిలేసిన సాకును ఐలీన్ తీసుకుని తన భుజాల మీద కప్పింది. ఆ రాత్రి ఆమెకు చలి తెలియలేదు. ఇన్నాళ్ళూ కోరుకున్న వెచ్చదనంలో పడుకుని, చలి వేస్తే బాగుండునని కోరుకుంది.

శుక్రవారం గ్రంథాలయంలో వలయానికి మార్గో కూడా వచ్చి కూర్చుంది. ఐలీన్ ఫోనులో చెప్పిన సంగతి ఆమె నుంచి విని, హతనకా మాస్టారు తేలికపడిన మనసుతో మొదలుపెట్టారు. రెండు దేశాల మర్యాదలు ఒకదానికొకటి అడ్డుపడిన చక్కని ఉదాహరణ మనకు దొరికిందన్నారు. కురెహా నీలం స్వెట్టరును చూపించి, సంస్కారాన్ని పరాయిగడ్డ మీద కూడా నిలుపుకున్న విద్యార్థిని అన్నారు. పిల్లలు తలలూపారు. చిహారు మోచేత్తో పొడిచి, "పెద్ద పేరే కొట్టేశావే," అని గుసగుసలాడింది.

కురెహా వంతు వచ్చింది. లేచింది.

"బుధవారం నేను చెప్పింది ఆత్మపరిశీలన కాదు. ఫిర్యాదు. వినయం తొడిగిన..."

ఆగిపోయింది. మాట బాగా వస్తోంది. ఆ సంగతి ఆమెకు తెలుస్తోంది. మాస్టారి కళ్ళు అప్పుడే మెచ్చుకోలుగా వాలబోతున్నాయి. ఇంకొక్క వాక్యం అయితే ఇది కూడా ఆమె చెప్పిన మంచి లోపాల్లో ఒకటై కూర్చుంటుంది. ఆమె వలయంలోంచి తిరిగి, మార్గోకు అర్థమయ్యేలా, వచ్చీరాని ఇంగ్లీషులో, ముక్కలుముక్కలుగా చెప్పింది.

"ఐలీన్ గారు రోజూ అడిగారు. చలిగా ఉందా అని. నేను లేదన్నాను. అబద్ధం. ఆవిడ తప్పు లేదు. కానుక విప్పకపోవడం... ఆచారం కాదు. నేను పట్టించుకోలేదు. పిసినారి అని నవ్వాను కూడా. దయచేసి వచ్చే ఏడు ఆవిడకు ఒక అమ్మాయిని పంపండి."

చిహారు తల దించుకుంది. మార్గో ఏదో అనబోయింది. ఆలోపే హతనకా మాస్టారు లేచి నిలబడ్డారు. ఆయన ముఖం పాలిపోయి ఉంది. ఆ పిల్ల మాట నమ్మి, ఒక గృహిణి మంచితనాన్ని శంకించి, ఆయనే మార్గో దగ్గరకు వెళ్ళారు. చేతులు తొడలకు ఆనించుకుని ఆయన నడుము వంచారు. ఆయనను చూసి చిహారు లేచి వంగింది. తర్వాత పక్కనున్నవాళ్ళు, వాళ్ళ పక్కవాళ్ళు. కుర్చీలు కిర్రుమన్నాయి. ఒకరి తప్పుకు అందరూ వంగడం వాళ్ళ బడిలో ఎవరూ చెప్పి చేయించవలసిన పని కాదు. అందులో సగం మంది ఐలీన్‌ను చూసైనా ఎరుగరు.

"అయ్యయ్యో, ఏమిటిది! లేవండి, లేవండి! పంపుతాను, తప్పకుండా పంపుతాను," అంటోంది మార్గో, కంగారుగా రెండు చేతులూ ఊపుతూ.

ఎవరూ లేవలేదు. కురెహా ఇదివరకు ఎన్నోసార్లు ఇలా వంగింది, ఎవరెవరి తప్పులకో, నేల పలకల మధ్య గీతలు చూస్తూ, భోజనానికి ఏముంటుందో ఆలోచిస్తూ. నిలబడి ఉండి ఈ వంగిన వీపులను చూడడం మాత్రం ఇదే మొదటిసారి. మాస్టారి మెడ వెనక వెంట్రుకలు నెరిసి ఉన్నాయి. చిహారు కాలరు లోపలికి మడతపడి ఉంది. తానొక్కతే నిలువుగా ఉందని తెలిసి, వంగడానికి కూడా తనకు హక్కుందో లేదో తేల్చుకోలేక, స్వెట్టరు పొడుగాటి చేతుల్లోకి వేళ్ళు లాక్కుని, ఆమె అలాగే నిలబడిపోయింది.