పది నిమిషాలు ముందున్న గడియారం

ముందు ఆ స్టూలు దిగు. దిగి ఇలా వచ్చి నా పక్కన కూర్చో అమ్మడూ. ఆ గడియారం జోలికి వెళ్లకు. అది పది నిమిషాలు ముందుకి నడుస్తోందని నాకు తెలుసు, మీ అమ్మకీ తెలుసు. చదువుకున్నదానివి, సరిచేద్దామనుకున్నావు. తప్పేం లేదు. దాని సంగతి విన్నాక నీ ఇష్టం. ఇంకా దగ్గరికి జరుగు, గట్టిగా చెప్పే ఓపిక లేదు నాకు. పన్నెండేళ్లు నోరు కట్టేసుకుని కూర్చున్నాను. నా నోటి సంగతి నీకు తెలుసుగా, అది ఎంత కష్టమో! మొన్న బట్టలు మడతపెడుతూ మీ అమ్మే అంది, "ఇక చెప్పినా ఎవరికీ ఏం కాదులెండి అత్తయ్యా" అని. అందుకని చెబుతున్నాను.

మీ అమ్మ ఇప్పుడు మందుల షాపులో నిలబడుతోంది కానీ, అంతకుముందు తొమ్మిదేళ్లు స్కూల్లో సాయంత్రం గది నడిపింది. అందరూ దాన్ని అలాగే అనేవాళ్లు, సాయంత్రం గది అని. స్కూలు వదిలాక కూడా అమ్మానాన్నలు పని నుంచి రాని పిల్లలుంటారు కదా, వాళ్లని ఆరింటిదాకా చూసుకోవడం. గది స్కూలు వాళ్లది. పని మాత్రం మీ అమ్మకి కాంట్రాక్టుకి ఇచ్చారు. మూడేళ్లకోసారి కాంట్రాక్టు మళ్లీ రాయించుకోవాలి. ఆ పని ఉంటేనే మీ అమ్మ మీ అమ్మలా ఉండేది. అది నువ్వు చూడలేదు. చూసినా గుర్తుండదు, నీకప్పుడు మూడేళ్లు, మూలన చాప మీద నిద్రపోయేదానివి.

నేను ఆమెకి సాయం. కాగితాల్లో "సహాయకురాలు" అని రాశారట, నాకు చదివి వినిపించారు. ముక్కులు తుడవడం, బూట్ల తాళ్లు కట్టడం, పెన్సిళ్లు చెక్కడం, కొట్టుకుంటే విడదీయడం, ఇవీ నా పనులు. ఇరవై ఆరు మంది పిల్లలు. ఎవరి నీళ్ల సీసా ఏ రంగో, ఎవరికి ఏ పన్ను ఊగుతోందో ఇవాళ్టికీ చెప్పగలను. అడిగితే చెబుతాను కానీ తెల్లారిపోతుంది.

ఆ గది ఒకప్పుడు విరిగిన బెంచీలు పడేసే కొట్టు. మీ అమ్మ కడిగించి, సున్నం వేయించి, చేతులు కడుక్కునే తొట్టి పిల్లల ఎత్తుకి దింపించింది. ఎప్పుడూ జిగురు వాసన, తడి బూట్ల వాసన. గేటు వైపు పెద్ద కిటికీ, దానికి ఎదురుగా గోడ మీద ఈ గడియారం. గేటు దగ్గర నిలబడితే కిటికీ అద్దంలోంచి టైము కనపడేది.

వచ్చిన చిక్కంతా అక్కడే.

ఆరింటికి గది ఖాళీ అవ్వాలి. అమ్మలూ నాన్నలూ ముందే వచ్చి గేటు దగ్గర కబుర్లలో పడేవాళ్లు. "ఇంకా ఆరు కాలేదుగా" అనుకుంటూ ఆరుంబావు చేసేవాళ్లు, ఆరూ ఇరవై చేసేవాళ్లు. లోపల పిల్లలు కిటికీకి ముక్కులు ఆనించి నిలబడేవాళ్లు. అందరికన్నా ఆఖరున ఒక ఆడపిల్ల మిగిలేది. చొక్కా గుండీలు విప్పుతూ పెడుతూ ఉండేది, అందుకని గుండీల పిల్ల అనేవాళ్లం. వాళ్లమ్మ ఆసుపత్రి లాండ్రీలో పనిచేసేది. ఆవిడ గేటు దగ్గర కబుర్లాడే రకం కాదు, పాపం. ఐదింటికి డ్యూటీ దిగి రెండు బస్సులు మారి రావాలి. రెండో బస్సు దిగి నడుచుకుంటూ వచ్చేసరికి ఆరూ పది అయ్యేది.

ఒకరోజు ఆ పిల్ల నన్ను అడిగింది, "మామ్మా, ఇవాళ కూడా నేనే ఆఖరా?" అని. ఏడవలేదు. మంచినీళ్లున్నాయా అని అడిగినంత మామూలుగా అడిగింది.

మర్నాడు పిల్లలు రాకముందు నేను స్టూలెక్కి పెద్ద ముల్లుని పది నిమిషాలు ముందుకి జరిపాను. ఎవరికీ చెప్పలేదు.

అంతే, వారం తిరిగేసరికి గేటు దగ్గర కబుర్లు ఆగిపోయాయి. అద్దంలో చూసి, "అమ్మో, ఆరైపోతోంది!" అని ఉరికేవాళ్లు. లాండ్రీ అమ్మాయి బస్సు దిగి నడవడం మాని పరిగెత్తడం మొదలుపెట్టింది. రొప్పుతూ వచ్చేది, చేతులు నీళ్లలో నాని తెల్లగా ముడతలు పడి ఉండేవి. కానీ నిజం ఆరు కాకముందే వచ్చేది. ఒక్కరోజు కూడా తప్పలేదు.

మీ అమ్మ సంబరపడిపోయింది. "చూశారా అత్తయ్యా, మీటింగులో గట్టిగా చెప్పాను కదా, దారికొచ్చారు" అంది.

"అవునమ్మా, నీ మాటంటే మాటే" అన్నాను.

గడియారం బ్యాటరీ మార్చినప్పుడల్లా మీ అమ్మ టైము సరిచేసేది. మర్నాడు నేను మళ్లీ స్టూలెక్కేదాన్ని. గడియారం ఒకటి రెండు నిమిషాలు ముందు నడుస్తుందని మీ అమ్మ అనుకునేది. అయినా పట్టించుకోలేదు. కుర్చీ కాలు ఒకటి పొట్టిగా ఉందని తెలిసి కూడా కూర్చోమూ? అలాగన్నమాట.

తర్వాత స్కూలు వాళ్లు కొత్త రిజిస్టరు ఇచ్చారు. అప్పటిదాకా పిల్లని తీసుకెళ్లేటప్పుడు సంతకం పెడితే సరిపోయేది. ఇప్పుడు సంతకం పక్కన టైము కూడా రాయాలి. మీ అమ్మ చేతికి వాచీ పెట్టుకునేది కాదు, పిల్లలకి గీసుకుంటుందని. ఫోను బీరువాలో ఉండాలని రూలు. నడుముకి ఒకడు, కొంగుకి ఒకర్తి వేలాడుతుంటే తలెత్తి గోడ మీద ఏముంటే అది రాసేది. ముత్యాల్లాంటి రాత. పక్కన అమ్మలు సంతకం చేసేవాళ్లు. నాకు చదువు అంతంతమాత్రం. ఆ గడిలో ఏం రాస్తోందో నేను చూడలేదు. ఆమె రాసేది నా పది నిమిషాల్ని.

ఏడాది గడిచింది. కాంట్రాక్టు మళ్లీ రాసే టైమొచ్చింది. ఈసారి ఒక కంపెనీ కూడా అడుగుతోందని తెలిసింది. వాళ్ల మనుషులు ఒకసారి గది చూసుకోవడానికి వచ్చారు, అందరూ ఒకే రంగు చొక్కాలు, ఒకే నవ్వు. "బొమ్మల కొట్లోంచి నేరుగా వచ్చారేంటమ్మాయ్" అన్నాను. మీ అమ్మ నవ్వలేదు. తనిఖీకి ముందు మూడు వారాలూ కాలు కాలిన పిల్లిలా తిరిగింది.

ఇద్దరం కలిసి గోడలు తుడిచాం, కుర్చీలకి మేకులు కొట్టాం, అరలకి పిల్లల పేర్లు అంటించాం. అమ్మలందరూ కలిసి మంచిగా ఒక ఉత్తరం రాశారు. లాండ్రీ అమ్మాయికి వారానికొక్క సెలవు. ఆ సెలవు రోజు వచ్చి కూర్చుని, ఆసుపత్రిలో పక్కన పడేసిన దుప్పట్లు అడిగి తెచ్చి, చాపలన్నిటికీ తొడుగులు కుట్టింది. "నా పిల్ల నిలబడ్డ గది మామ్మా ఇది. పోనివ్వను" అంది, నోట్లో సూది పెట్టుకునే.

"సూది తీసి మాట్లాడవే, మింగేస్తావు" అన్నాను.

అన్నీ సర్దాం. రిజిస్టరు ఒక్కటీ చూసుకోలేదు. ఎందుకు చూస్తాం? ఒక్క కొట్టివేత లేకుండా రాసింది కదా.

స్కూలు తరఫున ఫైళ్లు తనిఖీ చేసే ఆయన మధ్యాహ్నం వచ్చాడు. చెడ్డవాడు కాదు. చెప్పులు బయట విడిచి వచ్చాడు, నీ నిద్ర చెడకుండా మెల్లగా మాట్లాడాడు. తొట్టి చూశాడు, చాపలు చూశాడు, "శుభ్రంగా ఉంచారు మేడమ్" అన్నాడు. తర్వాత పిల్లల కుర్చీలో ఇరుక్కుని కూర్చుని రిజిస్టరు తెరిచాడు. పేజీకొకసారి పెన్సిలుతో చిన్న గీత పెట్టుకుంటూ పోయాడు. మొదట్లో మీ అమ్మ నవ్వుమొహంతోనే ఉంది.

"ఏడాదిలో నలభై ఒకటి" అన్నాడు.

"ఏంటండీ నలభై ఒకటి?"

"ఆరు దాటాక పిల్లని తీసుకెళ్లినవి. అలాంటివి పది దాటితే కాంట్రాక్టు ఇవ్వకూడదు మేడమ్, మీకు పంపిన కాగితంలోనే ఉంది. ఆరూ ఏడు, ఆరూ ఎనిమిది, ఆరూ ఎనిమిది... ఇందులో ముప్పై ఒకటి ఒకే పిల్ల."

మీ అమ్మ మొహంలో రంగు లేదు. నేను గోడకేసి చూశాను. అప్పుడు అర్థమైంది నాకు. చెయ్యి మీద పడుకుని లేస్తే చెయ్యి మనది కానట్టు ఉంటుందే, ఒళ్లంతా అలా అయింది.

"బాబూ, ఆ గడియారం పది నిమిషాలు ముందుంది. నేనే జరిపాను" అన్నాను.

ఆయన జేబులోంచి ఫోను తీసి చూశాడు, గోడ చూశాడు. మీ అమ్మ నన్ను చూసింది.

"ఎప్పటినుంచి మామ్మగారూ?"

"నాలుగేళ్ల నుంచి. మధ్యలో బ్యాటరీ మార్చిన రోజులు తప్ప. ఆ పది నిమిషాలు తీసేస్తే నిజంగా ఆలస్యమైనవి నాలుగే. ఒకటి వాన పడి రోడ్డు మునిగిన రోజు, కవలపిల్లల తండ్రి ప్యాంటు మోకాళ్లదాకా మడుచుకుని వచ్చాడు. ఇంకోటి ఆకుపచ్చ సీసా పిల్లాడి తాతయ్య, వేరే స్కూలుకి పోయి అక్కడ వెతుక్కుంటున్నాడు. ఇంకోటి..."

నాలుగూ చెప్పాను. ఏ వారమో, ఎవరు ఏం అన్నారో కూడా చెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు, పెన్ను మాత్రం మూత తీయలేదు.

"ఇవన్నీ ఎక్కడైనా రాసున్నాయా మామ్మగారూ?"

"రాసి లేవు బాబూ. గుర్తున్నాయి."

ఆయన రిజిస్టరు మూసేశాడు. తర్వాత మీ అమ్మతో అన్నాడు, "మేడమ్, నేను రెండిట్లో ఒకటే రాయగలను. అమ్మలు ఆలస్యంగా వచ్చారని రాస్తే కాంట్రాక్టు ఆగుతుంది, అంతటితో సరి. గడియారం తప్పని రాస్తే రిజిస్టరు మొత్తం తప్పవుతుంది. ప్రతి పేజీ కిందా సంతకం మీది. అప్పుడు విచారణ వేస్తారు. తర్వాత మీకు ఏ స్కూల్లోనూ పిల్లలని అప్పగించరు. ఎలా అయినా ఈ గది మీకు రాదు. ఏది రాయమంటారో చెప్పండి."

మీ అమ్మ చాప తొడుగు అంచు సరిచేసింది, వంకరగా ఏమీ లేకపోయినా.

"ఆలస్యమనే రాసుకోండి" అంది.

దారిలో తిట్టి ఉంటే బాగుండేది. నువ్వు ఆమె భుజం మీద నిద్రపోతున్నావు, నీ చెప్పు ఒకటి జారిపోతే నేను ఏరుకున్నాను. మన వీధి మలుపులో మాత్రం ఆగి అంది, "అత్తయ్యా, గడియారం మాట ఎక్కడా అనకండి. నాకింకో చోట పని కావాలి." సరేనమ్మా అన్నాను.

ఇంకో చోట పని కూడా రాలేదులే. అది వేరే సంగతి.

తర్వాత స్కూలు వాళ్లు అమ్మలందరికీ కాగితం పంపారు. పిల్లలని తీసుకెళ్లడంలో పదేపదే ఆలస్యం జరిగినందువల్ల సాయంత్రం గది కాంట్రాక్టు మారుతోంది అని. పేర్లు రాయలేదు. రాయక్కర్లేదు కదా, ఆఖరున వచ్చేదెవరో అందరికీ తెలుసు.

ఆఖరి రోజు నేను చాపలు చుడుతున్నాను. లాండ్రీ అమ్మాయి వచ్చింది. ఆ రోజు ఐదున్నరకే వచ్చింది, ఎవరినో బతిమాలుకుని డ్యూటీ మార్చుకుందట. గుండీల పిల్లని బయట నిలబెట్టి తను లోపలికొచ్చి నా చేతులు పట్టుకుంది. ఆ చేతులు చల్లగా, మెత్తగా ఉన్నాయి.

"నా వల్లే కదా మామ్మా" అంది.

నా చేతులు వదల్లేదు.

"పరిగెత్తే వచ్చేదాన్ని మామ్మా. బస్సు ఆగకముందే దిగేసేదాన్ని. అయినా చాల్లేదు. గేటు దగ్గర మిగతావాళ్లు నాతో మాట్లాడటం మానేశారు. వాళ్లని అననులే. మీ కోడలిగారి పని నేనే తీసేశాను."

నా నోరు తెలుసుగా నీకు, నిద్రలో కూడా ఆగదు. ఆ రోజు పెగల్లేదు. గడియారం సరిగ్గా ఆమె తల వెనక ఉంది. మీ అమ్మ బీరువా దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది, వింటోంది. నేనొక్క మాట అంటే చాలు. సరేనమ్మా అని మాటిచ్చాను కదా. "పోనీలేవే" అన్నాను. చూడు, ఏమన్నానో! పోనీలేవే అని, ఆమేదో తప్పు చేసినట్టు, నేనేదో క్షమించినట్టు.

ఆమె కళ్లు తుడుచుకుని నా చేతిలో చాప తీసుకుని తనే చుట్టింది. ఆ తొడుగు ఆమె కుట్టిందే.

వెళ్తూ వెళ్తూ గుండీల పిల్ల కిటికీలోంచి చెయ్యి ఊపింది. తర్వాత నెలకే వాళ్లు ఆ పేట ఖాళీ చేసి పోయారని విన్నాను. ఎక్కడికో ఎవరూ చెప్పలేకపోయారు.

గడియారం మీ అమ్మ కొన్నదే, అందుకని తెచ్చుకున్నాం. వంటింట్లో మేకు ఖాళీగా ఉంటే తగిలించింది. సరిచేస్తుందేమో అనుకున్నాను. చేయలేదు. నేనూ చేయలేదు. ఆ రోజు నాకు ఏడుపు రాలేదు అమ్మడూ, తర్వాత కూడా రాలేదు. రోజూ దానికింద అంట్లు తోముకున్నాను, అంతే. మీ అమ్మా నేనూ బాగానే ఉన్నాం, చూస్తూనే ఉన్నావుగా. ఆ సంగతి తప్ప అన్నీ మాట్లాడుకుంటాం.

నువ్విప్పుడు బోలెడు చోట్లకి తిరుగుతావు. గుండీల పిల్లకి ఇప్పుడు ఇరవై రెండు ఉంటాయి. ఎడమ కనుబొమ్మ చివర చిన్న గాటు, తొట్టి అంచు తగిలింది, కట్టు కట్టింది నేనే. ఊరికే ఉన్నప్పుడు చేతులు గుండీల మీదకి పోతాయి. ఎక్కడైనా అలాంటి అమ్మాయి కనిపిస్తే ఆపి అడుగు. కనిపించకపోతే ఎవరికి చెప్పగలిగితే వాళ్లకి చెప్పు, వాళ్లని ఇంకొకళ్లకి చెప్పమను. ఎక్కడో ఒకచోట ఆమె దాకా పోతుంది. రిజిస్టరులో ముప్పై ఒకటని ఉంది. అది తప్పు. ఒక్కటి కూడా లేదు. వాళ్లమ్మ ఒక్కరోజు కూడా ఆలస్యంగా రాలేదు. నేను అక్కడే ఉన్నాను, చూశాను.

ఏదీ, ఇప్పుడు నేను చెప్పింది మొదటి నుంచి చెప్పు, వింటాను. మరిచిపోయావంటే ఇంకెవరి దగ్గరా లేదు.